తలుపు తీయకముందే చూడాలనుకున్న నర్సు: మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్

ఇప్పుడు ఏ కాలనీలో నడిచినా గేటు పక్కన చిన్న తెల్ల కెమెరా, దాని నెత్తిన నోట్‌బుక్ అంత సోలార్ ప్యానెల్ కనిపిస్తున్నాయి. వైర్లు లాగక్కర్లేదు. కరెంటు పోయినా పనిచేస్తుంది. గేటు దగ్గర ఎవరైనా కదిలితే ఫోన్‌కి నోటిఫికేషన్ వస్తుంది. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టి, గోడకి నాలుగు స్క్రూలు బిగిస్తే పని అయిపోయినట్టే.

ఇంత మామూలైపోయిన ఈ వస్తువు వెనక ఒక మనిషి కథ ఉంది. ఇంటి తలుపు దగ్గర కెమెరా పెట్టి, లోపల టీవీలో చూసి, మాట్లాడి, ఆ తర్వాతే తలుపు తీయాలా వద్దా అని తేల్చుకునే ఏర్పాటుకి అమెరికాలో పేటెంట్ తెచ్చుకున్నది ఒక నర్సు. ఆవిడ పెద్ద ల్యాబ్‌లో పనిచేయలేదు. ఇంజినీరింగ్ కంపెనీ ఉద్యోగి కూడా కాదు. పేరు మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్. మనం మినీ ప్రాజెక్టుకి టాపిక్ ఏం తీసుకోవాలా అని నెట్‌లో వెతుక్కుంటూ ఉంటాం కదా, ఆవిడకి టాపిక్ ప్రతి రాత్రీ తలుపు దగ్గరే ఎదురయ్యేది.

జమైకా అంటే ఆ దేశం కాదు

మేరీ 1922 అక్టోబర్ 30న న్యూయార్క్ నగరంలోని క్వీన్స్‌లో, జమైకా అనే పేటలో పుట్టారు. జమైకా అనగానే మనకి క్రికెట్ గుర్తొస్తుంది కానీ, కరీబియన్ దీవికీ ఈ పేటకీ సంబంధం లేదు. అక్కడి మూలవాసులైన లెనాపే జనం మాటలోంచి ఈ పేరు వచ్చింది. మేరీ బతుకంతా దాదాపు క్వీన్స్‌తోనే ముడిపడి ఉంది. పుట్టిందీ, కాపురం చేసిందీ, కన్నుమూసిందీ అక్కడే.

ఆవిడ ఆఫ్రికన్ అమెరికన్. వృత్తి నర్సు. భర్త ఆల్బర్ట్ బ్రౌన్ ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్. ఇద్దరు పిల్లలు. ఇద్దరి ఉద్యోగాలకీ వేళాపాళా ఉండేది కాదు. ఒకరు వచ్చేసరికి ఇంకొకరు వెళ్ళిపోవడం, ఏ అర్ధరాత్రో ఇంట్లో ఒకరే మిగలడం మామూలు. నైట్ డ్యూటీలు చేసే నర్సులు మన ఇళ్ళల్లోనూ ఉన్నారు కాబట్టి ఈ పరిస్థితి మనకి విడమరచి చెప్పక్కర్లేదు.

1960లు న్యూయార్క్‌లో నేరాలు పెరుగుతున్న కాలం. 1964 మార్చిలో, అదే క్వీన్స్‌లో, జమైకాకి దగ్గర్లోని క్యూ గార్డెన్స్‌లో ఒక యువతి అర్ధరాత్రి దాటాక పని నుంచి ఇంటికొస్తూ సొంత అపార్ట్‌మెంట్ దగ్గరే హత్యకి గురైంది. డజన్ల మంది చూస్తూ ఊరుకున్నారని అప్పట్లో పత్రికలు రాశాయి. ఆ లెక్క బాగా పెంచి రాసిందని తర్వాత తేలింది. కానీ ఆపదలో ఉన్న మనిషికి సాయం ఎలా చేరాలి అనే ప్రశ్న మాత్రం ఊరంతా పాకింది.

ఇంకో విషయం కూడా గుర్తుపెట్టుకోవాలి. అప్పటికి న్యూయార్క్‌లో 911 నంబర్ లేదు. అది 1968లో వచ్చింది. అంతకుముందు పోలీసులు కావాలంటే ఏడంకెల నంబర్ గుర్తుంచుకుని తిప్పాలి, లేదా టెలిఫోన్ ఆపరేటర్‌ని పట్టుకోవాలి. మేరీ వాళ్ళ పేటలో పిలిచినా పోలీసులు తొందరగా వచ్చేవాళ్ళు కారు. అంటే రాత్రి రెండింటికి ఎవరో తలుపు కొడితే, ఆ కొట్టింది ఎవరో తెలుసుకోవాలంటే ఉన్న దారి ఒక్కటే. లేచి, చీకట్లో నడిచి, తలుపు దాకా వెళ్ళాలి. భయపెట్టేది ఆ నడకే. తలుపుకి గాజు కన్నం ఉంటే చూడొచ్చు, నిజమే. కానీ చూడాలన్నా తలుపుకి ముఖం ఆనించాల్సిందే. అవతలి మనిషికీ మనకీ మధ్య అంగుళంన్నర చెక్క తప్ప ఇంకేం ఉండదు.

అప్పుడు కెమెరా ఎవరి చేతిలో ఉండేది

క్లోజ్డ్ సర్క్యూట్ టీవీ మేరీ కనిపెట్టింది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942లో, జర్మనీలోని పీనెమ్యుండెలో వి-2 రాకెట్ల ప్రయోగాల్ని దూరం నుంచి చూడటానికి వాల్టర్ బ్రూఖ్ అనే ఇంజినీర్ అలాంటి ఏర్పాటు చేశాడు. రాకెట్ పేలితే పక్కన మనిషి ఉండకూడదు కాబట్టి కెమెరా పెట్టారు. యుద్ధం తర్వాత కెమెరాలు ఫ్యాక్టరీల్లోకీ బ్యాంకుల్లోకీ వచ్చాయి. 1968లో న్యూయార్క్ రాష్ట్రంలోనే ఓలియన్ అనే చిన్న ఊళ్ళో, మెయిన్ రోడ్డు మీద కెమెరాలు పెట్టి పోలీసులు చూడటం మొదలుపెట్టారు.

ఇవన్నీ గమనిస్తే ఒక పోలిక దొరుకుతుంది. సైన్యం, కంపెనీ, పోలీసు: కెమెరా ఎప్పుడూ పెద్ద సంస్థల చేతిలోనే ఉంది, మామూలు మనిషి దాని ముందు నిలబడే వాడు మాత్రమే. మేరీ ఆ కెమెరాని ఇంట్లో ఒంటరిగా ఉన్న మనిషి చేతికి ఇచ్చారు. ఆవిడ పేటెంట్‌లో ప్రధానమైన ఆలోచన అదే: వ్యవస్థ మొత్తం ఇంట్లో ఉన్నవాళ్ళ అదుపులో ఉండాలి.

తలుపుకి నాలుగు కన్నాలు

ఇప్పుడు డిజైన్ సంగతి చూద్దాం. మన బ్రాంచ్ ఏదైనా సరే, ఇది చూస్తే ముచ్చటేస్తుంది.

మేరీ, ఆల్బర్ట్ కలిసి గీసిన ఏర్పాటులో తలుపుకి నిలువుగా, ఒకదాని కింద ఒకటిగా నాలుగు కన్నాలు. పైదాంట్లోంచి పొడుగు మనిషి ముఖం కనిపిస్తుంది. కింద కన్నంలోంచి పిల్లవాడు వచ్చినా కనిపిస్తాడు. తలుపు లోపలివైపు ఒక టీవీ కెమెరా. అది పైకీ కిందకీ జరుగుతూ ఏ కన్నం ముందు కావాలంటే ఆ కన్నం ముందు ఆగుతుంది. అప్పట్లో ఇప్పటిలా వైడ్ యాంగిల్ లెన్సున్న బొటనవేలంత కెమెరా లేదు. ఒకే చోట బిగిస్తే కొందరి టోపీ, కొందరి బొడ్డు కనిపించేవి. కాబట్టి కెమెరానే కదిలించారు.

బొమ్మ వెళ్ళేది పడకగదిలో ఉన్న టీవీ మానిటర్‌కి. అదీ రేడియో ద్వారా, వైర్‌లెస్‌గా. కాబట్టి ఇంట్లో ఏ గదిలోనైనా మానిటర్ పెట్టుకోవచ్చు. మంచం మీద నుంచి లేవకుండానే బయట ఎవరున్నారో చూడొచ్చు. ఇంతకుముందు చెప్పుకున్న ఆ చీకటి నడక ఇక్కడితో తప్పిపోయింది.

చూస్తే సరిపోతుందా? సరిపోదు. వచ్చింది పోస్ట్‌మ్యానో, పక్కింటివాళ్ళో, దారి తప్పినవాళ్ళో అడిగి తెలుసుకోవాలి. అందుకని రెండు వైపులా మాట్లాడే మైకు, స్పీకరు. వచ్చినవాళ్ళు తెలిసినవాళ్ళే అయితే తలుపు దాకా వెళ్ళనక్కర్లేకుండా లోపల నుంచే రిమోట్‌తో తాళం తీయొచ్చు. మనిషి మీద అనుమానం వస్తే ఇంకో బటన్ నొక్కి అలారంతో సాయం పిలవొచ్చు.

ఈ వరసని ఒకసారి మళ్ళీ చూడండి. చూడటం, మాట్లాడటం, ఆ తర్వాత రెండు దారులు: తలుపు తీయడం, లేదా సాయం పిలవడం. భయపడే మనిషి మనసులో రాత్రి రెండింటికి ఏ వరసలో ప్రశ్నలు పుడతాయో, బటన్లు కూడా అదే వరసలో ఉన్నాయి. ఎవరు? ఏం కావాలి? ఇప్పుడు నేనేం చేయాలి? మన సిలబస్‌లో దీన్ని యూజర్ రిక్వైర్‌మెంట్స్ అని రెండు మార్కుల ప్రశ్నగా చదువుకుంటాం. మేరీకి అది జీవితానుభవం. ఆల్బర్ట్‌కి సర్క్యూట్లు తెలుసు. ఆ రెండూ ఒకే ఇంట్లో ఉండటం వాళ్ళ అదృష్టం, మన అదృష్టం కూడా.

3,482,037

1966 ఆగస్టు 1న దంపతులిద్దరూ పేటెంట్‌కి దరఖాస్తు పెట్టారు. అప్పటికి మేరీ వయసు 43. టెలివిజన్ నిఘాని వాడుకునే గృహ భద్రతా వ్యవస్థ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. మూడేళ్ళకి పైగా ఎదురుచూశాక, 1969 డిసెంబర్ 2న పేటెంట్ వచ్చింది. నంబర్ 3,482,037. దాని మీద మేరీ పేరు ముందు, ఆల్బర్ట్ పేరు తర్వాత. అదే వారం న్యూయార్క్ టైమ్స్ వాళ్ళ గురించి రాసింది. తర్వాత నేషనల్ సైంటిస్ట్స్ కమిటీ నుంచి ఆవిడకి అవార్డు కూడా వచ్చింది.

అమెరికాలో నల్లజాతివాళ్ళు సమాన హక్కుల కోసం రోడ్ల మీద పోరాడుతున్న దశాబ్దం అది. పౌర హక్కుల చట్టం వచ్చి అప్పటికి ఐదేళ్ళే. టెక్నాలజీ పేటెంట్ మీద ఒక నల్లజాతి నర్సు పేరు మొదట ఉండటం ఎంత అరుదో వేరే చెప్పక్కర్లేదు.

మరి డబ్బులు వచ్చాయా? పెద్దగా అమ్ముడైన దాఖలా లేదు. దీన్ని ఇళ్ళు కట్టేవాళ్ళూ, తయారీ కంపెనీలూ తీసుకుంటారని వాళ్ళు ఆశపడ్డారు. కానీ టీవీ కెమెరా, ప్రత్యేకమైన మానిటర్, రేడియో పరికరాలు, కెమెరాని కదిపే మోటారు, ఇన్నీ కలిపి మామూలు ఇంటికి పెట్టాలంటే అప్పట్లో తడిసి మోపెడయ్యేది. ఏ పేటలో అయితే దీని అవసరం ఎక్కువో, ఆ పేటవాళ్ళే కొనుక్కోలేని ధర. ఆ రోజుల్లో అమెరికా పేటెంట్ గడువు మంజూరైన నాటి నుంచి 17 ఏళ్ళు. ఆ లెక్కన 1986 డిసెంబర్‌తో ఆ హక్కు తీరిపోయింది. ఇంటి కెమెరా జనం చేతికి అందే ధరకి వచ్చింది ఆ తర్వాత కాలంలోనే.

ఆలోచన ముందు, పరికరం తర్వాత

ఆవిడ డిజైన్ ఎందుకు ఖరీదైందో అర్థం కావాలంటే అప్పటి కెమెరా లోపల ఏముందో చూడాలి. 1960ల టీవీ కెమెరాల్లో బొమ్మని పట్టేది గాజు వాక్యూమ్ ట్యూబ్. అది వేడెక్కాలి, హై వోల్టేజ్ కావాలి, గోడ ప్లగ్గుకి కట్టేసి ఉండాలి.

విచిత్రం ఏంటంటే, దాన్ని పక్కకి నెట్టేసే సంగతి ఆవిడకి పేటెంట్ వచ్చిన ఏడాదే జరిగింది. 1969 అక్టోబర్‌లో పక్క రాష్ట్రం న్యూజెర్సీలో, బెల్ ల్యాబ్స్‌లో విలార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ కలిసి సీసీడీ ఆలోచనని బోర్డు మీద గీశారు. వెలుతురుని సిలికాన్ ముక్కే నేరుగా విద్యుత్తుగా పట్టుకునే పద్ధతి అది. ఈ పనికి వాళ్ళకి 2009లో నోబెల్ వచ్చింది. 1990లలో సీమాస్ సెన్సర్లు రావడంతో కెమెరా ఇంకా చవకైంది, ఇంకా తక్కువ కరెంటు తాగింది. ఇప్పుడు మన ఫోన్లలో, గేటు కెమెరాల్లో ఉన్నవి అవే.

సోలార్ ప్యానెల్ కథ కూడా అక్కడిదే. అదే బెల్ ల్యాబ్స్‌లో 1954లో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అనే ముగ్గురు పనికొచ్చే మొదటి సిలికాన్ సోలార్ సెల్ చూపించారు. సామర్థ్యం దాదాపు 6 శాతం. ఈరోజు గేటు మీద కెమెరాలో వెలుతుర్ని బొమ్మగా మార్చేదీ సిలికానే, నెత్తిన ఉన్న ప్యానెల్లో వెలుతుర్ని కరెంటుగా మార్చేదీ సిలికానే. మేరీ నివసించిన చోటుకి రెండు మూడు గంటల ప్రయాణ దూరంలోపే ఈ రెండూ పుట్టాయి. కానీ అవి తలుపు దాకా రావడానికి దశాబ్దాలు పట్టింది.

మేరీ ఆ దశాబ్దాలు నర్సుగానే గడిపారు. వాళ్ళమ్మాయి కూడా నర్సు అయింది, తల్లి లాగే కొత్త వస్తువులు కనిపెట్టింది. 1999 ఫిబ్రవరి 2న, 76 ఏళ్ళ వయసులో, క్వీన్స్‌లోనే మేరీ చనిపోయారు. ఫోన్‌లో డోర్‌బెల్ కెమెరా చూసుకునే కాలం ఆవిడ చూడలేదు. కానీ ఆ తర్వాత వచ్చిన గృహ భద్రత పేటెంట్లు డజన్ల కొద్దీ ఆవిడ పేటెంట్‌ని పూర్వ కృషిగా పేర్కొన్నాయి. పేటెంట్ ప్రపంచంలో అంతకంటే గట్టి గుర్తింపు ఉండదు.

మన గేటు మీద పెట్టేటప్పుడు

ఇంట్లో సోలార్ కెమెరా పెట్టేవాళ్ళకి మేరీ జీవితంలోంచి పనికొచ్చే విషయాలు ఉన్నాయి.

మొదట కరెంటు లెక్క. ఉదాహరణకి ప్యానెల్ 5 వాట్లు, మంచి ఎండ రోజుకి 4 గంటలు అనుకుందాం. 20 వాట్-అవర్లు వస్తాయి, నష్టాలు పోగా ఇంకా తక్కువే. కెమెరా 5 వాట్లతో 24 గంటలూ ఆన్‌లో ఉంటే 120 వాట్-అవర్లు కావాలి. పొంతనే లేదు. అందుకే సోలార్ కెమెరా ఎక్కువసేపు నిద్రలో ఉంటుంది. ఒంటి వేడి కదలికని పసిగట్టే పీఐఆర్ సెన్సర్ లేపితేనే లేస్తుంది. లేచేలోపు మొదటి ఒకటి రెండు సెకన్లు పోవచ్చు. రోడ్డు వైపు తిప్పితే పోయే ప్రతి బండికీ లేచి లేచి బ్యాటరీ సాయంత్రానికే ఖాళీ అవుతుంది. మేరీ కెమెరాని తలుపు దగ్గర నిలబడ్డ మనిషి మీదే పెట్టారు, వీధి మీద పెట్టలేదు. బ్యాటరీ లెక్క చూసినా, పక్కవాళ్ళ మర్యాద చూసినా అదే సరైన పద్ధతి. మన కెమెరా ఎదురింటివాళ్ళ వాకిట్లో ముగ్గు వేసే ఆంటీని రోజంతా రికార్డు చేయాల్సిన పనిలేదు.

ప్యానెల్ దక్షిణం వైపు కొంచెం వాల్చి, వేపచెట్టు నీడ పడకుండా బిగించండి. కెమెరా నీడలో ఉన్నా పర్లేదు, ప్యానెల్‌కి మాత్రం ఎండ తగలాలి. వేసవిలో దుమ్ము, దీపావళి తర్వాత మసి తడిగుడ్డతో తుడవాలి. ముసురు పట్టిన వారంలో ఒకసారి యాప్‌లో చార్జింగ్ చూసుకోవాలి.

తర్వాత అసలు ప్రశ్న. చూసేది ఎవరు? మేరీ కెమెరా లోపల ఉన్న మనిషి కోసం. మనవి చాలావరకు బయట ఉన్నవాళ్ళ కోసం. అమ్మానాన్నలు ఊళ్ళో ఉంటారు, పిల్లలు హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉండి ఫోన్‌లో గేటు చూసుకుంటారు. అది ప్రేమతోనే, కాదనడం లేదు. కానీ రాత్రి తలుపు చప్పుడైతే ఆ ఇంట్లో మంచం మీద ఉన్న నాన్నమ్మకి కనిపించేది ఏంటి? ఫోన్ మనవడి దగ్గర ఉంది, పాస్‌వర్డ్ మనవడికే తెలుసు. ఆవిడ మాత్రం మళ్ళీ లేచి చీకట్లో తలుపు దాకా నడవాలి. 1966లో మేరీ తప్పించాలనుకున్న నడక అదే.

ఊళ్ళో కెమెరాల గురించి మాట్లాడుకున్నా ఇదే ప్రశ్న. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం జనం ఎక్కువగా వచ్చిపోయే సంస్థల్లో కెమెరాలు తప్పనిసరి చేసింది. హైదరాబాద్ పోలీసులు నేను సైతం అనే పేరుతో కాలనీవాళ్ళ చేతే కెమెరాలు పెట్టించారు. వాటి వల్ల ఉపయోగాలు ఉన్నాయి. అయితే అవి ఓలియన్ దారిలో వచ్చినవి. మేరీ దారి వేరు: కెమెరా, మైకు, తాళం, అలారం, నాలుగూ ఇంట్లోవాళ్ళ చేతిలో.

కాబట్టి ఈ సెలవుల్లో ఇంటికెళ్ళి కెమెరా బిగించేవాళ్ళు ఇంకో గంట కేటాయించండి. అమ్మ ఫోన్‌లోనూ యాప్ వేయండి. నాన్నమ్మ మంచం పక్కన పాత టాబ్ ఒకటి పెట్టి, బటన్ నొక్కితే గేటు కనిపించేలా చేయండి. మైకులో మాట్లాడటం నేర్పండి. పక్కింటివాళ్ళ నంబర్, 112 స్పీడ్ డయల్‌లో పెట్టండి. డిఫాల్ట్ పాస్‌వర్డ్ మార్చి, కొత్తది ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పండి. మీరు కాలేజీకి తిరిగొచ్చాక కూడా ఆ కెమెరా వాళ్ళకి పనికొస్తుంది.